భయమూ వద్దు, అశ్రద్ధా వద్దు

సమతూకంగా ఆలోచించడం అంటే ఏమిటి? సంతలో కాటా అందరం చూశాం కదా. రాయి బరువెక్కువైనా, చింతపండు ఎక్కువైనా ముల్లు మధ్యలో నిలబడదు. మన బుద్ధి కూడా అంతే. ఒకవైపు భయం, ఇంకోవైపు అశ్రద్ధ. ఏది ఎక్కువైనా నష్టమే. దీనికి విశాఖపట్నంలో జరిగిన సంఘటనే ఉదాహరణ.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున సుమారు 3 గంటలకు, గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కంపెనీ ట్యాంకు నుండి స్టైరీన్ అనే విషవాయువు బయటికొచ్చింది. జనం నిద్రలో ఉన్నారు. 12 మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. నోరులేని పశువులు కూడా చచ్చిపోయాయి.

స్టైరీన్ అనేది ప్లాస్టిక్ తయారుచేసే ద్రవం. దాన్ని ఎప్పుడూ చల్లగా ఉంచాలి. గట్టిపడకుండా ఒక మందు కూడా కలపాలి. లేకపోతే వేడెక్కి తనలో తానే గట్టిపడడం మొదలుపెడుతుంది. గట్టిపడేటప్పుడు ఇంకా వేడి పుడుతుంది. ఆ వేడికి ఇంకా తొందరగా గట్టిపడుతుంది. అలా పెరిగి పెరిగి ఆవిరిగా తన్నుకొస్తుంది. ఆ ఆవిరి గాలికన్నా మూడు రెట్లకు పైగా బరువు. అందుకే పైకి పోకుండా నేలబారుగా ఊరిలోకి పాకింది.

అప్పుడు కరోనా లాక్‌డౌన్ కాబట్టి మార్చి ఆఖరు నుండి ఫ్యాక్టరీ ఆగిపోయి ఉంది. ఫ్యాక్టరీ ఆగినా ట్యాంకులో స్టైరీన్ ఉంది కదా! ప్రభుత్వం వేసిన కమిటీ జూలైలో రిపోర్టు ఇచ్చింది. చల్లబరిచే యంత్రాన్ని 24 గంటలు నడపలేదని, వేడిని ట్యాంకు అడుగునే కొలిచేవారని, సైరన్ కూడా మోగించలేదని చెప్పింది. యంత్రం నడపడం, వేడి చూడడం రోజూ చేసే పనులే. "ఇన్నాళ్లూ ఏమీ కాలేదు, ఈరోజు ఏమవుతుందిలే" అనుకోవడమే అశ్రద్ధ. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

ఇక రెండోవైపు చూద్దాం. ఆ రోజు రాత్రే ట్యాంకు పేలిపోతుందని పుకారు లేచింది. ఎంతో దూరంలో ఉన్నవాళ్లు కూడా అర్ధరాత్రి పిల్లల్ని చంకనేసుకుని రోడ్ల మీదికి వచ్చేశారు. కంపెనీకి రెండు కిలోమీటర్ల లోపువాళ్లు కదిలితే చాలని, మిగతావాళ్లు భయపడొద్దని పోలీసులు చెప్పవలసి వచ్చింది. ట్యాంకు పేలలేదు. అలాగని వాళ్లను చూసి నవ్వకూడదు. తెల్లవారుజామున మోగాల్సిన సైరన్ మోగలేదు. అలాంటప్పుడు రాత్రి ఎవరేం చెప్పినా జనం నమ్ముతారు. అశ్రద్ధే భయానికి తల్లి అని నాకు అనిపిస్తుంది.

కొందరు ఫ్యాక్టరీలన్నీ మూసెయ్యాలంటారు. ఇంకొందరు ఫ్యాక్టరీ ఉన్నాక ప్రమాదాలు తప్పవంటారు. రెండు మాటల్లోనూ ముల్లు మధ్యలో లేదు. స్టీల్ ప్లాంటు, పోర్టు మీద వేలమంది బతుకుతున్నారు. రేపు మనలో కూడా కొందరం అక్కడ పనిచేస్తాం. కానీ 12 ప్రాణాలు "తప్పని" ఖర్చు కాదు. ట్యాంకులో ఏముందో, ప్రమాదం వస్తే ఎటు పోవాలో చుట్టుపక్కల ఊరివాళ్లకు ముందే తెలియాలి. గ్యాసు లీకైతే అది కొట్టుకుపోయే వైపు పరుగెత్తకూడదు. గాలికి అడ్డంగా పోయి మెరక మీదికి చేరాలి. ముక్కుకు, నోటికి తడిగుడ్డ కట్టుకోవాలి.

ఇదంతా పట్నం సంగతి, మనకెందుకు అనుకోకండి. మన ఏజెన్సీలో మలేరియా ఉంది. జ్వరమొస్తే "ఇది మామూలే" అని ముసుగుతన్ని పడుకోవడం అశ్రద్ధ. ఎవరో చిల్లంగి పెట్టారని పక్కింటి ముసలమ్మను అనుమానించడం భయం. ఆ భయంతో మనుషులను కొట్టి చంపిన ఊళ్లూ ఉన్నాయి. రెండూ వద్దు. రక్తపరీక్ష చేయించుకోవాలి. డాక్టరు 14 రోజులకు మాత్రలిస్తే 14 రోజులూ మింగాలి. మూడోనాటికి జ్వరం తగ్గిపోయినా ఒక రకం మలేరియా క్రిమి కాలేయంలో దాక్కుని ఉంటుంది. ఫ్యాక్టరీ ఆగినా ట్యాంకులో స్టైరీన్ ఉన్నట్టే!

కావున చెల్లెళ్లారా, అక్కలారా! ఏదైనా మాట విన్నప్పుడు ఈ మూడు ప్రశ్నలు వేసుకుందాం.

1. ఇది చూసినవాళ్లు చెప్పారా, విన్నవాళ్లు చెప్పారా?
2. నిజమైతే ఎవరికి, ఎంత దూరం వరకు ప్రమాదం?
3. ఇందులో నా వంతు పని ఏమిటి?

మూడోది మరిచిపోతే మొదటి రెండూ ఉట్టి మాటలే. నీళ్ల ట్యాంకు మూత, వంటగది గ్యాసు, దోమతెర చిరుగు ఇవన్నీ చిన్న పనులు. చేస్తే ఎవరూ మెచ్చుకోరు, ఎందుకంటే ఏమీ జరగదు. ఏమీ జరగకుండా ఉండడమే ఆ పనికి ఫలితం.