పచ్చడి డబ్బాల పక్కన నాలుగు పుస్తకాలు

జూన్ వచ్చిందంటే మన గ్రూపుల్లో రెండే ముచ్చట్లు. టికెట్ ఎంతకు దొరికింది, పెట్టెలో ఎన్ని కిలోలు పడుతుంది. పోయేటప్పుడు ట్యాంగ్ డబ్బాలు, చాక్లెట్లు, టైగర్ బామ్, పిల్లలకు బూట్లు. వచ్చేటప్పుడు ఆవకాయ, కారప్పొడి, అమ్మ వద్దన్నా కుక్కిన అరిసెలు. ఈసారి తిరుగు పెట్టెలో ఒక్క కిలో పుస్తకాలకు ఉంచండి అని అడగడానికే ఇది రాస్తున్నా.

అబ్బాసియాలో ఒక అక్క ఇంట్లో మనం పెట్టుకున్న పుస్తకాల అర మీలో చాలామందికి తెలుసు. శుక్రవారం వచ్చి ఒకటి తీసుకుపోతాం, చదివాక ఇంకొకరి చేతికి ఇస్తాం. అందులో నవలలు బోలెడు. వ్రతకథలు, వంటల పుస్తకాలూ ఉన్నాయి. ఆ మధ్య రాజంపేట వైపు చెల్లెలొకామె అర అంతా వెతికింది. పదకొండేళ్ళుగా ఇక్కడ ఇంటిపని చేస్తోంది. "కథలొద్దక్కా. కథల్లో అందరూ చివరికి బాగుపడతారు. నిజంగా జరిగింది ఏమన్నా ఉంటే ఇయ్యి" అంది. వెతికితే మా దగ్గర అలాంటిది ఒక్కటే దొరికింది. సిగ్గేసింది.

అందుకే ఈ జాబితా. అన్నీ నిన్న అచ్చైనవి కావు, మన అరకు మాత్రం కొత్తవి.

ఇల్లు ఊడుస్తూ రాసిన పుస్తకం

మొదటిది బేబీ హాల్దార్ ఆత్మకథ 'ఆలో ఆంధారి', అంటే వెలుగూ చీకటీ. ఈమె మనలాగే ఇంటిపని మనిషి. చిన్నప్పుడే తల్లి ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. పన్నెండు, పదమూడేళ్ళకే తనకంటే పద్నాలుగేళ్ళు పెద్దవాడితో పెళ్ళి చేశారు. ముగ్గురు పిల్లలు పుట్టారు. దెబ్బలు భరించలేక 1999లో పిల్లలను వెంటబెట్టుకుని ఢిల్లీ రైలెక్కింది. తర్వాత గుర్‌గావ్‌లో ప్రబోధ్ కుమార్ అనే రిటైర్డ్ ప్రొఫెసర్ ఇంట్లో పనికి కుదిరింది. ఆయన ప్రేమ్‌చంద్ మనవడు. బీరువా దుమ్ము దులుపుతూ పుస్తకాల దగ్గర ఆమె చెయ్యి ఆగడం ఆయన గమనించాడు. చదవడానికి తస్లీమా నస్రీన్ పుస్తకం ఇచ్చాడు, తర్వాత ఒక నోటుబుక్కు, పెన్ను ఇచ్చి నీ జీవితం రాయమన్నాడు. పని అయ్యాక, పిల్లలు నిద్రపోయాక బెంగాలీలో రాసింది. ఆయన హిందీ చేస్తే 2002లో పుస్తకంగా వచ్చింది. ఊర్వశీ బుటాలియా ఇంగ్లీషు అనువాదం 2006లో వచ్చింది. హిందీ చదవగలిగినవాళ్ళు హిందీలోనే చదవండి, చిన్న చిన్న మాటలే. యజమాని ఇంట్లో బాత్రూం ఎక్కడ వాడుకోవాలి, అన్నం ఎప్పుడు తినాలి, పిల్లలను ఎక్కడ దాచుకోవాలి, ఇలాంటివన్నీ అందులో ఉంటాయి. మనకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేనివి.

పిల్లలను అమ్మ దగ్గర వదిలి

రెండోది కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి'. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2012లో వేసింది. అప్పటికి ఆమె తొంభై దాటారు. ఊహ తెలియని వయసులో పెళ్ళి, ఏడేళ్ళు నిండీ నిండకుండానే వితంతువు. మళ్ళీ పెళ్ళి, కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం. ఒంటి మీది నగలు పార్టీకిచ్చారు. ఆ తర్వాత భర్త విడిచి వెళ్ళిపోయాడు. ఆయనే తర్వాత పీపుల్స్‌వార్ పెట్టిన కొండపల్లి సీతారామయ్య. ఇద్దరు పిల్లలను తల్లి అంజమ్మ దగ్గర వదిలి, హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి, నడి వయసులో మెట్రిక్‌కు చదువుకున్నారు. తర్వాత కాకినాడలో హాస్టల్ మేట్రన్ ఉద్యోగం. కొడుకునూ కూతురినీ పోగొట్టుకుని మనవరాళ్ళను పెంచారు. 2018లో, నూరేళ్ళ వయసులో, విశాఖలో కన్నుమూశారు.

రాజంపేట చెల్లెలికి ఆ రోజు దొరికింది ఈ పుస్తకమే. రాత్రి మేడమ్ వాళ్ళు పడుకున్నాక ఫోన్ లైటు వేసుకుని చదివిందట, పది రోజులు పట్టింది. పిల్లలను తల్లి దగ్గర వదిలి చదువుకు పోయిన చోటికి వచ్చి ఆగిపోయింది. తన బిడ్డ కూడా అమ్మమ్మ దగ్గరే పెరిగింది. ఇప్పుడు డిగ్రీ. "నన్నెందుకు వదిలిపోయినావు" అని ఒకసారి అడిగిందట, ఈమె ఫోన్ పెట్టేసింది. ఆ రాత్రి వాయిస్ మెసేజ్ పెట్టింది, ఏజెంటుకు కట్టిన అప్పు దగ్గర మొదలుపెట్టి మొత్తం, ముక్కలు ముక్కలుగా నలభై నిమిషాలు. పొద్దున బిడ్డ నుంచి ఒక్క మాట వచ్చింది. "తర్వాత?"

చెప్తుంటే రాసిపెట్టినవి

రాయడం మనవల్ల కాదు అనేవాళ్ళకు మూడో పుస్తకం. 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళు చెప్పింది టేపు చేసి, వాళ్ళ మాటల్లోనే అచ్చు వేశారు. అందులో చాకలి ఐలమ్మగా మనందరం వినే చిట్యాల ఐలమ్మ కూడా ఉన్నారు. ఆమె 1985 సెప్టెంబరులో చనిపోయారు. పుస్తకం వచ్చేనాటికి మనిషి లేదు, మాట మిగిలింది. టేపు చేయడం ఆలస్యమై ఉంటే అదీ ఉండేది కాదు.

దీనికి జతగా 'నా మాటే తుపాకీ తూటా' తెప్పించుకోండి. మల్లు స్వరాజ్యం గారు చెబుతుంటే కాత్యాయని, విమల అక్షరాల్లో పెట్టారు. ఇది 2019లో వచ్చింది. భూస్వాముల ఇంట్లో పుట్టి పోరాటంలోకి వచ్చిన మనిషి, తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే. 2022 మార్చిలో వెళ్ళిపోయారు. ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది, చదవడం తక్కువ అలవాటున్నవాళ్ళు దీంతో మొదలుపెట్టండి.

డ్యూటీ వాళ్ళకు, ఇంగ్లీషు చదివే పిల్లలకు

నర్సు చెల్లెళ్ళకు క్రిస్టీ వాట్సన్ రాసిన 'ది లాంగ్వేజ్ ఆఫ్ కైండ్‌నెస్' చెప్తాను. 2018లో వచ్చింది. ఇంగ్లండులో ఇరవై ఏళ్ళు నర్సుగా చేసిన ఆమె అనుభవం. చనిపోయిన పేషెంటుకు స్నానం చేయించి, బట్టలు సర్ది, తర్వాత వెంటనే పక్క బెడ్ మనిషికి నవ్వుతూ మందివ్వడం మనకు రోజూ ఉండేదే. ఇంటికొచ్చాక దాని గురించి ఎవరికీ చెప్పం. ఆమె చెప్పింది.

ఇక్కడ స్కూళ్ళలో చదివి తెలుగు అక్షరాలు రాని పిల్లలున్నారు కదా, పెద్ద పిల్లలకు సుజాత గిడ్ల 'యాంట్స్ అమంగ్ ఎలిఫెంట్స్' ఇవ్వండి. ఆమె కాజీపేటలో పుట్టి, న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా చేస్తూ 2017లో ఈ పుస్తకం తెచ్చింది. మేనమామ కె.జి. సత్యమూర్తి, తల్లి మంజుల జీవితాలు ఇందులో ఉన్నాయి. మన ఊళ్ళలో కులం ఎలా ఉంటుందో పిల్లలు అడిగితే మనం మాట దాటేస్తాం. ఈ పుస్తకం దాటెయ్యదు. పిల్లలతోపాటు మీరూ చదవండి, తర్వాత వాళ్ళడిగే ప్రశ్నలకు మీరే కదా జవాబు చెప్పాలి.

ఎవరూ చదవనిది ఇంకొకటుంది

అది మన కాంట్రాక్టు. నవ్వకండి. సంతకం పెట్టిన కాగితంలో ఏముందో తెలియనివాళ్ళు మన గ్రూపులోనే ఎంతమంది ఉన్నారో లెక్కేసుకోండి. ఇంటిపని వాళ్ళకోసం కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఉంది. వారానికి ఒకరోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, మధ్యలో విశ్రాంతి, ఏడాదికి జీతంతో ముప్పై రోజుల సెలవు అందులో రాసి ఉన్నాయి. మన ఒప్పుకోలు లేకుండా పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంచుకోకూడదని కూడా ఉంది. కనీస జీతం 60 దీనార్లని 2016లో నిర్ణయించారు. చట్టంలో ఉన్నవన్నీ ఇంట్లో జరగవు, ఆ సంగతి మీకూ నాకూ తెలుసు. కానీ ఏముందో తెలిస్తేనే ఏం లేదో అడగగలం. మీ కాంట్రాక్టు ఫోటో తీసి పెట్టుకోండి, ఇంగ్లీషు వచ్చిన అక్కతో ఒక శుక్రవారం లైను లైనూ చదివించుకోండి. అర గంట పని.

తెచ్చుకోవడం ఎలా

హైదరాబాదులో దిగేవాళ్ళకు కాచిగూడలో నవోదయ బుక్ హౌస్ ఉంది. విజయవాడ మీదుగా పోయేవాళ్ళు విశాలాంధ్ర వాళ్ళ దుకాణంలో అడగండి. డిసెంబరు, జనవరిల్లో సెలవు పెట్టినవాళ్ళకు హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనలు కలిసొస్తాయి. కడప వాళ్ళు ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి ఒకసారి పిల్లలతో వెళ్ళిరండి. బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే కట్టారు. చదివే తీరిక లేనివాళ్ళకు దాసుభాషితం యాప్‌లో తెలుగు ఆడియో పుస్తకాలున్నాయి, ఇస్త్రీ చేస్తూ వినొచ్చు. అక్షరాలు రాని అక్కలు కూడా మన అర దగ్గరకు రండి. ఒకరు పైకి చదివితే పదిమంది వింటారు.

ఒకే పుస్తకం ముగ్గురు తేకుండా, ఎవరు ఏది తెస్తున్నారో పోయేముందు గ్రూపులో పెట్టండి. రాజంపేట చెల్లెలు 'మనకు తెలియని మన చరిత్ర' తెస్తానంది. ఆమె బిడ్డ ఆ నలభై నిమిషాల వాయిస్ మెసేజిని విని విని ఒక నోటుబుక్కులో ఎక్కిస్తోందట. సెలవు నుంచి వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు కూడా తెమ్మని చెప్పాం. ఆమె ఒప్పుకుంటే అరలో దానికీ చోటుంది.