ముగ్గునుండి మగ్గమునకు



నేడు మీతో నేతపనిని గూర్చి నాలుగు మాటలు ముచ్చటింపదలచితిని. ఆ విద్యలో నేను పండితుడను గాను. 35 సంవత్సరములు ఒక సంఘమున లెక్కలు వ్రాసి, ఉద్యోగము చాలించిన పిదప, 58వ యేట భూదాన్ పోచంపల్లిలో ఒక చేనేతకారుని యింట శిష్యుడనైతిని. నా గురువు నాకంటె 20 ఏండ్లు చిన్నవాడు. ఆయన నన్ను "పెద్దయ్యా" యని పిలుచును. నేనాయనను గురువుగారనియే పిలుచుదును. ఇది విని మా యూరి మిత్రుడొకడు, "కాటికి కాళ్లు చాచుకొనవలసిన వయసున మగ్గపుగుంటలోనికి చాచితివా?" యని నవ్వెను. నవ్వినను తప్పులేదు. అయితే ఆ గుంటలో కాళ్లు పెట్టిన తరువాతనే, అంతకు ముందు 58 ఏండ్లు కన్నులుండియు నేను చూడనివి కొన్ని చూచితిని. వానిని మీకు మనవిచేయుదును.

మొదట ఈ నేత యెట్టిదో చెప్పవలెను. సాధారణముగా గుడ్డమీద బొమ్మ రెండు విధముల వచ్చును. నేసిన గుడ్డపై అద్దుట యొకటి. నేయునప్పుడు వేరు రంగు నూలు చొప్పించుట రెండవది. పోచంపల్లి పద్ధతి ఈ రెండును గాదు. ఇందు బొమ్మ నేతకు ముందే నూలులో నిలిచియుండును. రంగు తగులరాని చోట్ల నూలును బిగించి కట్టి రంగులో ముంచుదురు. కట్టినచోట తెలుపు నిలుచును. కట్టనిచోట రంగు పట్టును. కట్లు విప్పి, మఱల వేరొకచోట కట్టి, మఱియొక రంగులో ముంచుదురు. ఎన్ని రంగులో అన్ని సార్లు ఈ పని సాగవలెను. పూర్వము దారముతో కట్టెడివారు. ఇప్పుడు పాత సైకిలు ట్యూబులను సన్నగా కోసి ఆ రబ్బరు పేలికలతో కట్టుచున్నారు. దీనినే ఇక్కత్ అందురు. కట్టుట యను అర్థముగల మలయభాషా పదమునుండి ఆ పేరు వచ్చినది. పడుగును మాత్రమే కట్టి నేయవచ్చును, పేకను మాత్రమే కట్టి నేయవచ్చును. రెంటిని కట్టి, పడుగుమీది గుర్తుపై పేకమీది గుర్తు సరిగా పడునట్లు నేయుట మిక్కిలి కష్టము. మన దేశముగాక ఇండోనేషియా, జపాను దేశములలోను ఆ జంటకట్టు నేత కలదు.

ఇక నా కథకు వచ్చెదను. కట్టుట కొంత అలవడినంతనే నాకు తొందర పుట్టినది. పట్టణమునకు పోయి రంగురంగుల బొమ్మల పుస్తకమొకటి కొని, అందలి నెమలిని ఎన్నుకొని, గళ్ల కాగితముమీద దింపి, తువాలుకు సరిపడు పేకనూలు కట్టితిని. 11 దినములు శ్రమపడితిని. నేసి చూడగా నెమలి మెడ విరిగినట్లుండెను. పింఛము కరగి నీరైనట్లుండెను. గురువుగారు మర్యాదకు ఊరకుండిరి. వారి తల్లి మాత్రము ఊరకుండలేదు. ఆమె 70 ఏండ్లు దాటిన వృద్ధురాలు. చేతిలోని పని ఆపి, తువాలును వెలుగునకు పట్టి చూచి, "నాయనా, ఇది నెమలియా, వానలో తడిసిన కోడియా?" యని యడిగినది.

నేను సిగ్గుపడితిని. ఆమె నవ్వు చాలించి, "నెమలిని నీవు ఎన్నడు చూచితివి?" అనెను. ఎన్నడో అడవిదారిలో ఒకసారి చూచితినంటిని. "ఒకసారి చూచినదానిని నూలెట్లు గుర్తుంచుకొనును? దినదినము చూచునది కట్టరాదా?" అనెను. దినదినము నేను చూచునదేమున్నదని రాత్రియంతయు ఆలోచించితిని. ఏమియు తోచలేదు.

మరునాడు ఆదివారము. ఇంటనే యుంటిని. తెల్లవారకమునుపు నా భార్య వాకిట ముగ్గు వేయుచుండెను. పెండ్లియైన నాటినుండి ప్రతి యుదయమును ఆ ముగ్గును తొక్కకుండ దాటి ఉద్యోగమునకు పోయినవాడను; ఒక్కనాడైనను నిలిచి చూడలేదు. ఆనాడు అరుగుమీద కూర్చుండి, "ఇవి యెన్ని చుక్కలు?" అని యడిగితిని. "నడుమ 15. పైకి రెండేసి తగ్గించి ఒకటికి తెచ్చుట, క్రిందికిని అట్లే" యని చెప్పి, "ఇన్నేండ్లకు అడుగుటకు తీరికైనదా?" అనెను. నేను లెక్కలు వ్రాసిన మనిషిని గదా, కాగితముపై కూడి చూచితిని. మొత్తము 113 చుక్కలు. కాగితములేక, కొలబద్దలేక, వ్రేళ్ల సందునుండి జారు పిండితో ఆమె 113 చుక్కలను వంకరపోకుండ పెట్టినది. పుస్తకములో వెదకి తెచ్చుకొన్న గళ్ల కాగితము నా వాకిటనే, ప్రతిదినము క్రొత్తగా, పరచియుండినది!

ఇక్కడ ఒక్క సంగతి గమనింపవలెను. నూలునకు వంపు తెలియదు. పడుగు నిలువు, పేక అడ్డము. ఈ రెంటికి తెలిసినది మెట్టు మాత్రమే. నున్ననైన గీత గీయబూనితిమా, అది మెట్లుమెట్లుగా విరుగును. పైగా కట్టు క్రిందికి రంగు ఒక వెంట్రుకవాసి ప్రాకును. నేతలో నూలు కొంచెము జరుగును. అందుచే అంచులు నీటిలోని నీడవలె కదలినట్లుండును. అది ఈ నేతకు అందము. అతి సన్నని గీతలకు శత్రువు. నెమలి కంఠము చెడుటకు కారణమిదియే. చుక్కల ముగ్గు అట్లుగాదు. చుక్కకొక కట్టు, వరుసకొక పేకల గుంపు. ముగ్గులోని మెలికలను విడిచి, చుక్కలను మాత్రము తీసుకొంటిని. రెండవ తువాలు ముగిసిననాడు గురువుగారి పొరుగింటి పాప తడికె సందునుండి తొంగిచూచి, "ఇది మా వాకిటి ముగ్గే!" అని కేకవేసినది. కట్లు కొన్ని వదులై రంగు చెమర్చినమాట నిజమే. అయినను బొమ్మ ఇదియని ఒక పసిబిడ్డ గుర్తుపట్టినది. నాకది చాలును.

నాటినుండి చూచుటకు నాకు మూడు పనులు అలవాటైనవి: నిలిచి చూచుట, లెక్కించుట, అక్కరలేనిదానిని విడుచుట. నులకమంచమును చూచితిని, ఎన్ని పోగులపై లేచి ఎన్ని పోగుల క్రింద దూరిన ఆ పలకలు ఏర్పడునో లెక్కించితిని. దిగుడుబావి మెట్లను, నీటిలో తలక్రిందైన వాని నీడను చూచితిని. తాటియాకు చాపను చూచితిని. ఇవన్నియు నేతగాని బంధువులే. ఈ మూడింటిలో విడుచుటయే కష్టము. చూచినదంతయు గుడ్డమీదికి రావలెనను ఆశ చెడ్డది.

ఇప్పుడు చెప్పబోవునది చెప్పుటకు నాకు కొంత సంకోచము. మా తండ్రియు చేనేతకారుడే. నల్లగొండ ప్రాంతమున మా గ్రామములో ఆయన తేలియా రుమాళ్లు నేసెడివాడు. ఆ రుమాళ్ల సంగతి మీలో కొందరెరుగుదురు. నూలును నూనెలోను, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీటిలోను దినములతరబడి నానవేసి పిసికి ఆరవేయుదురు. అట్లు చేసిన నూలునకు ఎఱ్ఱరంగు గట్టిగా పట్టును. ఆ నూనెనుబట్టియే తేలియా యను పేరు. ఎఱుపు, నలుపు, తెలుపు, ఈ మూడే రంగులు. ఒకప్పుడు చీరాల ప్రాంతమునుండి ఇవి అరబ్బు దేశములకు విరివిగా ఎగుమతియయ్యెడివి; అచ్చటివారు తలకు చుట్టుకొనెడివారు. ఇరువదవ శతాబ్దమున నేసిన రుమాళ్లలో పూలు, పలకలేగాక విమానములు, గడియారములు గూడ కనిపించును. ఆ నేతగాండ్రు ఏ చిత్రకళాశాలలోను చదువలేదు. ఆకాశమున ఎగిరినదానిని, గోడమీద వ్రేలాడినదానిని చూచి నూలులో కట్టిరి.

మా తండ్రి నేసిన రుమాలొకటి మా యింట నుండెడిది. అందు కుడివైపున నొకటి, ఎడమవైపున నొకటి, రెండు గడియారములు. కుడిదానిలో మూడు గంటలు, ఎడమదానిలో తొమ్మిది. నేను ఆరవ తరగతి చదువుచు, క్రొత్తగా గడియారము చూచుట నేర్చిన దినములవి. "నాయనా, రెండు గడియారములలో రెండు వేళలేమి? నీకు గంటలు చూచుట రాదా?" యని పదిమంది యెదుట నవ్వితిని. ఆయన మారుమాటాడలేదు. అటుపిమ్మట కొన్నేండ్లకు మగ్గము అమ్మివేసెను. నేను చదువుకొని గుమాస్తానైతిని. ఆయన పోయెను. రుమాలు పెట్టెలో నుండిపోయెను.

ముగ్గు తువాలు ముగిసిన పిమ్మట ఆ రుమాలును గురువుగారి తల్లికి చూపితిని. ఆమె దానిని కండ్లకద్దుకొని, నా నవ్వు సంగతి విని, తన కొంగును మధ్యకు మడచి చూపినది. "నాయనా, పేకనూలును మధ్యకు మడచి ఒక్క కట్టుతో రెండు పొరలను కట్టుదురు. కుడిని ఏది కట్టిన ఎడమను అదియే, అద్దములోవలె తిరుగబడి వచ్చును. కుడిని మూడు కట్టిన ఎడమను తొమ్మిదియే. మీ నాయనకు గంటలు రాక గాదు. మడవకుండ కట్టిన పని రెండింతలు; కూలి మాత్రము ఒక్కటే" యనెను.

నేను చాలసేపు మాటాడలేకపోయితిని. నా లెక్కల విద్యకు అందని లెక్క ఆ తొమ్మిది గంటలలో నుండెను. అప్పుడు మఱియొకటి జ్ఞప్తికి వచ్చినది. నూలు తెచ్చుకొనుటకును, కూలి పుచ్చుకొనుటకును మా తండ్రి షావుకారు కొట్టుముందు గంటలకొలది నిలుచుండెడివాడు. ఎదుట గోడమీద గడియారముండెడిది. ఆయన దినదినము చూచినది అదియే. చూచినదానినే నేసెను.

కనుక నిత్యజీవితమున కనబడునది సౌందర్యము మాత్రమే కాదు, శ్రమయు కనబడును. దానిని చూచుటయు విద్యయే. ఆసు పోయుట మీరెరుగుదురు. అర్ధచంద్రాకారముగా మేకులు నాటిన చట్రముపై నూలును ముందుకు వెనుకకు చుట్టుచు పోవలెను. ఒక్క చీరకు చేయి వేలసార్లు ఆడవలెను. తరతరములుగా ఈ పని ఇంటి స్త్రీలదే. భుజములు పడిపోవుటయు వారికే. ఆలేరు సమీపమున శారాజీపేట గ్రామస్థుడగు చింతకింది మల్లేశముగారు తమ తల్లి లక్ష్మిగారి భుజబాధను దినదినము చూచిరి. అందరిండ్లలోను ఉన్నదే గదాయని ఊరకుండలేదు. చదువు పెద్దగా లేకున్నను ఏండ్లతరబడి పాటుపడి 1999లో ఆసుయంత్రమును నిర్మించి, దానికి తల్లి పేరు పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ పురస్కారము లభించినది. ముగ్గును చూచి నేను తువాలు నేసితిని. తల్లి భుజమును చూచి ఆయన యంత్రము చేసెను. చూపు ఒక్కటియే, ఫలములలో ఎంతో వ్యత్యాసము!

గ్రామములలోని పెద్దలకు నా మనవి రెండే.

మొదటిది బజారు సంగతి. ఈ చిత్రములను యంత్రముమీద అచ్చువేసి తక్కువ వెలకు అమ్ముచున్నారు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోను, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లోను భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేర్లతో అనుకరణలు అమ్మరాదు. అయితే చట్టము ప్రతి అంగడికి రాజాలదు. మీరే పరీక్షింపుడు. గుడ్డను తిరుగవేసి చూడుడు. బొమ్మ నూలులోనే యున్నది గనుక నిజమైన నేతలో రెండువైపులను రంగు ఒక్కతీరుగ నుండును. అచ్చుగుడ్డ వెనుక సాధారణముగా వెలవెలబోవును. అంచులు కొంచెము చెదరియున్నచో లోపమని తలపకుడు. అవి కట్టిన చేతి గుర్తులు.

రెండవది పిల్లల సంగతి. వారిని చదివింపవలదని చెప్పను; నేనును చదువుచేతనే బ్రతికితిని. చదువుతోపాటు ఒక పూట మగ్గముకడనో, కుమ్మరి సారెకడనో, బుట్టలల్లువారి కడనో కూర్చుండబెట్టుడు. వారు పదిమందిలో నవ్వక, "ఇది యిట్లేల?" అని అడుగునట్లు నేర్పుడు. నేను ఆ ప్రశ్న అడిగియుండినచో మా తండ్రి జవాబు చెప్పియుండును. 50 ఏండ్లు ఆలస్యముగా, వేరొకరి తల్లివలన నేను తెలిసికొనవలసివచ్చినది.

ఇప్పుడు నేనొక రుమాలు కట్టుచున్నాను. కుడివైపున ఒక గడియారము, మూడు గంటలు. నూలును మధ్యకు మడచియే కట్టుచున్నాను. ఎడమవైపున ఏమి వచ్చునో మీకు తెలియును.

సెలవు.