పామాయిలు గెలల ధర యెచ్చట నిర్ణయమగుచున్నది?

ఏలూరు, భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలలో పామాయిలు తోటలు వేసిన రైతులు తఱచుగ నడుగు ప్రశ్న యొకటి కలదు. తోట అదియే, నీరు అదియే, ఎరువు అదియే. గెలల ధర మాత్రము ఒక యేడు పెరిగి మఱియొక యేడు తగ్గుటకు కారణమేమి? దీనిని సభ్యులకు వివరింపదలచితిమి.

మన దేశమున వాడు వంటనూనెలో సగమునకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది. అందు పామాయిలు ముఖ్యముగ ఇండోనేషియా, మలేషియాలనుండి దిగుమతియగును. మన మిల్లులు తీయు నూనె దానితో పోటీపడవలసియున్నది. కావున గెలల ధర రెండు విషయములపై నాధారపడును: ఒకటి ఆ దేశములలోని ధర, రెండవది మన రేవులలో విధించు సుంకము.

2022 ఏప్రిల్ 28వ తేదీన ఇండోనేషియా ప్రభుత్వము, తన ప్రజలకు నూనె చౌకగ దొరకవలెనని, ఎగుమతిని నిలిపివేసెను. మే 23న మరల విడిచెను. ఆ వేసవిలో మిక్కిలి హెచ్చిన ప్రపంచపు ధర కొలది మాసములలోనే దిగజారెను. ఇక సుంకము మాట. ముడి పామాయిలుపై మూల సుంకము 2018 మార్చిలో నూటికి 44 వంతులు. 2021 అక్టోబరులో అది తీసివేయబడెను. 2024 సెప్టెంబరులో 20 వంతులయ్యెను. 2025 మే నెలాఖరున 10కి తగ్గెను. సుంకము హెచ్చిన రైతునకు మేలు, నూనె కొనువానికి భారము. తగ్గిన ఫలితము తాఱుమాఱగును. ఈ యిరువురి నడుమ ప్రభుత్వము త్రాసు పట్టుచున్నది.

సుంకపు ఉత్తరువు ఒక్క దినమున మారును. తోటయన్ననో, 3, 4 ఏండ్లకు గాని కాపునకు రాదు. వచ్చిన పిదప 25 ఏండ్లుండును. గెలలను కోసిన 24 గంటలలో మిల్లునకు చేర్చనిచో నూనె గుణము చెడును. ధాన్యమువలె గాదెలో నుంచి మంచి ధరకై వేచియుండుటకు వీలులేదు. ఈ చిక్కు నెఱిగియే 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము 11,040 కోట్ల రూపాయల పథకమున, ధర నిర్ణీత మట్టమునకు తగ్గినచో వ్యత్యాసమును రైతునకు చెల్లించు పద్ధతిని చేర్చెను.

కావున సభ్యులకు మేము చెప్పునది మూడు మాటలు. ఒక్క యేటి మంచి ధరను చూచి భూమినంతయు తోటకు పెట్టరాదు. గడచిన అయిదాఱేండ్ల సగటును లెక్కింపవలెను. కాపు వచ్చువఱకు అంతర పంటలు వేసికొని అప్పు పెరుగకుండ చూచుకొనవలెను. సుంకమును గెలల ధరను నెలనెల సంఘపు పుస్తకమున వ్రాయించి, మేలుకీడులను అందఱును కలిసి ప్రభుత్వమునకు తెలుపవలెను. లెక్క చూపి నూఱుగురు చెప్పిన మాటకు బలముండును.