ఉప్పుగాలిలో పాత బండి

మైపాడు, జువ్వలదిన్నె వైపు చేపలు, రొయ్యలు మోసే పాత పికప్ బండ్లకు కరెంటు జబ్బులెక్కువ. ఉప్పుగాలి ఒక కారణమైతే, ట్రేల నుంచి ఛాసిస్ మీదికి కారే ఐసునీళ్లు మరో కారణం. బండి నడుపుతున్న మన పాత విద్యార్థుల కోసం ఈ నాలుగు మాటలు.

సెల్ఫ్ "టక్"మని ఆగిపోతే చాలామంది ముందు బ్యాటరీ మార్చేస్తారు. వేలు పోస్తారు. లోడు ఐసులో ఉండగా బండి మళ్లీ మొరాయిస్తుంది. కరెంటు ప్లస్ వైరులో వెళ్లి, ఇంజను, ఛాసిస్ ఇనుము గుండానే బ్యాటరీ మైనస్‌కు తిరిగొస్తుంది. ఆ దారిలోని ఎర్త్ పట్టీ బోల్టు కింద తుప్పు చేరితే కొత్త బ్యాటరీ అయినా ఏం చేస్తుంది?

బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేయండి. మల్టీమీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల వైరును బ్యాటరీ మైనస్‌కు, ఎర్రదాన్ని ఇంజను మీద తుప్పులేని చోట ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.5 వోల్టు దాటితే లోపం ఎర్త్‌దే. బ్యాటరీ మైనస్ వైరు ఊడదీశాక, పట్టీ బోల్టు విప్పి, ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన గ్రీజు పూయండి.

ఎర్త్ బాగుంటే అప్పుడు బ్యాటరీ చూడాలి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 వోల్టులు, ఇంజను నడుస్తుంటే సుమారు 14 ఉండాలి. నడుస్తున్నా 13 దాటకపోతే డైనమో, దాని బెల్టు చూపించండి.

ఫ్యూజు పోతే మాత్రం రాగితీగ చుట్టకండి. ఈసారి కాలేది వైరింగే.