పెట్టెమీది బొమ్మ, పెట్టెలోని బట్ట

రైలుగేటు పడినప్పుడు గూడ్సుబండి దాటిపోయే అయిదు నిమిషాలూ మనం ఏమి చేస్తాము? పెట్టెలు లెక్కపెడతాము, వాటిమీది వ్రాతలు చదువుతాము. ఒకప్పుడు ఆ పెట్టెలన్నీ మసిరంగు, ఇటుకరంగు బండ్లే. నేడు కోయంబత్తూరు ప్రక్కన ఇరుగూరు వైపుగాని, తూత్తుకుడి మార్గంలోగాని నిలిచి చూస్తే నీలం, ఆకుపచ్చ, నారింజ, గులాబీ రంగుల ఇనుపపెట్టెలు వరుసగా సాగిపోతూ ఉంటవి. లేతనీలం మీద తెల్లని ఏడుకోణాల నక్షత్రముంటే అది మెర్స్క్ కంపెనీది. ముదురు ఆకుపచ్చ ఎవర్‌గ్రీన్ వారిది. మన దేశపు కాన్‌కార్ సంస్థ పెట్టెలమీద ఆ పేరే పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ పెట్టెలలో దుప్పట్లు, తువాళ్లు, తెరగుడ్డలు ఉండవచ్చును. మన మగ్గాలమీద దిగినవే కావచ్చును. కాని వాటిని నేసిన వీధిపేరుగాని, ఊరిపేరుగాని ఆ పెట్టెలమీద ఎక్కడా కనబడదు.

ఇది చూచి మన సభ్యులలో కొందరు, ముఖ్యంగా చిన్నవారు, "మన సంఘం పేరూ మగ్గం బొమ్మా అట్లా పెట్టెమీద వేయించరాదా?" అని అడుగుతున్నారు. ప్రశ్న సమంజసమైనదే. దానికి జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

సరుకుమీద బొమ్మ వేసి అమ్మడం మన వృత్తికి కొత్తసంగతి కాదు. మన వృత్తిని దెబ్బతీసినవారే ఆ విద్యను మనకు చూపినారు. పందొమ్మిదవ శతాబ్దంలో మాంచెస్టరు తానులు మన రేవులలో దిగినప్పుడు ఒక్కొక్క తాను మీద రంగురంగుల అచ్చుకాగితం అంటించి ఉండేది. దానిని టిక్కెట్టు అనేవారు. లక్ష్మీదేవి, కృష్ణుడు, ఏనుగు, పులి, రాజదర్బారు ఇట్లాంటి బొమ్మలు ఆ దేశంలోనే ముద్రించి పంపేవారు. చదువురానివాడు సైతం బొమ్మను గుర్తుపెట్టుకొని మరల అదే తాను అడగవలెనని వారి ఎత్తు. మన దేవుళ్లతోనే మన బజారును పట్టినారన్నమాట. ఆ కాలంలోనే 1889లో ప్రభుత్వంవారు సరకుల గుర్తుల చట్టమొకటి చేసి, తానుమీద దాని పొడవు ఎన్ని గజాలో ముద్రవేయవలెనని నిర్బంధించినారు. బొమ్మ ఆశపెడుతుంది, గజాల ముద్ర నిజం చెబుతుంది. ఈ రెండింటి తేడాను చదువరులు మనస్సులో ఉంచుకోవలెనని మనవి.

తర్వాత మన ప్రాంతంలోనే నూలు మిల్లులు లేచినవి. హార్వీ సోదరులు 1892లో మధురలో మిల్లు పెట్టినారు. కోయంబత్తూరులో స్టేన్సు దొరగారి మిల్లు 1888 నాటిది. ఆ పిమ్మట మన తెలుగువారే, కుప్పుస్వామి నాయుడుగారి లక్ష్మీ మిల్లు మొదలుకొని, ఆ పట్టణానికి మిల్లుల ఊరనే పేరు తెచ్చినారు. నూలుకట్ట మీద నెంబరూ తూకమూ మిల్లు పేరూ వేసిన చీటీ వచ్చేది, దానిపై ఒక బొమ్మ కూడా. నాయకరాజుల కాలంనుండి ఈ అరవసీమలో పాతుకొన్న మన కుటుంబాలలో పెద్దలు నూలును నెంబరుతోనే గాక బొమ్మతోనూ అడిగేవారు. ఇక్కడొక విడ్డూరమున్నది. నూలు చిలపకు పేరున్నది, దానిని చీరగా నేసినవానికి పేరు లేదు!

రైలులో సరుకు పంపడంలో మనవారికి తెలిసిన గుర్తు గోనెమీది మార్కా ఒక్కటే. బేలుకు గోనెకుట్టి, సిరాలో ముంచిన కుంచెతో పంపేవారి గుర్తు, చేరవలసిన స్టేషను, తీసుకొనేవారి పేరు వ్రాసేవారు. గోనె పాతదైతే దానిమీది పాతగుర్తులు కనబడకుండా చెరపవలెను. ఇది రైల్వేవారి నిబంధన. ఈ చెరపడంలో అశ్రద్ధవల్ల బేలు ఒక ఊరికి పోవలసినది మరొక ఊరికి పోయి, పండుగ దాటిన తర్వాత ఇంటికి తిరిగివచ్చిన కథలు ప్రతి వీధిలోను ఉన్నవి. మధురకు మరొక చిక్కు కూడా ఉండేది. కోయంబత్తూరు పెద్దలైను మీదిది, మధుర మీటరుగేజి మీదిది. గేజి మారినచోట ప్రతి బేలునూ ఒక బండినుండి దించి మరొక బండికి ఎక్కించవలసినదే. కొక్కెం గుచ్చుకొని గోనె చినిగేది, మార్కా మాసిపోయేది, వాన తగిలితే సిరా బట్టమీదికి దిగేది. దిండుక్కల్లునుండి పళని, పొల్లాచ్చి మీదుగా పోత్తనూరు పోయే మీటరుగేజి మార్గం మొత్తం పెద్దలైనుగా మారడం 2017లోగాని పూర్తికాలేదు.

ఈ దించి ఎక్కించే బాధను తప్పించినది ఇనుపపెట్టె. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ అనే లారీల యజమాని 58 పెట్టెలను ఐడియల్ ఎక్స్ అనే ఓడపై నూఆర్కునుండి హ్యూస్టనుకు పంపినాడు. సరుకును ముట్టుకోకుండా పెట్టెనే లారీనుండి ఓడకు, ఓడనుండి రైలుకు మార్చడం దానిలోని కిటుకు. మన రైల్వేలవారు 1966లోనే లోపలి వర్తకానికి ఇట్టి పెట్టెలను ప్రవేశపెట్టినారు. 1981లో బెంగళూరులో దేశంలోని మొదటి లోనాటి పెట్టెల డిపో వెలసింది. 1988లో కాన్‌కార్ సంస్థ ఏర్పడింది. 2006నుండి ప్రైవేటు కంపెనీలకు కూడ పెట్టెల రైళ్లు నడుపుకొనే అనుమతి వచ్చింది. అప్పటినుండే పట్టాలమీద ఇన్ని రంగులు.

పెట్టెమీద కనబడే వ్రాతలలో అసలైనది మాత్రం ఒక మూల చిన్నగా ఉంటుంది. నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, ఆ తర్వాత చిన్న చదరంలో మరొక అంకె. మొదటి మూడక్షరాలు యజమానిని తెలుపును. నాలుగవది యు అయితే అది పెట్టె అని అర్థం. చివరి అంకె మిగిలినవాటినుండి లెక్కకట్టి తీసినది. ఎక్కడైనా ఒక అంకె తప్పువ్రాస్తే ఈ చివరి అంకె కలవక తప్పు బయటపడుతుంది. అచ్చులో పోగులు సరిపోయినవో లేదో చూచుకోవడం వంటిదే ఇది. పెద్దబొమ్మ లేకపోయినా పెట్టె గమ్యం చేరుతుంది. ఈ చిన్నగుర్తు లేకపోతే చేరదు.

ఇక బొమ్మల సంగతి. దీనిలో అమెరికావారి అనుభవం మనం తెలుసుకోదగినది. అక్కడ 1920 ప్రాంతంలో మాంసం, వెన్న, జున్ను అమ్మే కంపెనీలు మంచుపెట్టి చల్లగా ఉంచే రైలుపెట్టెలను అద్దెకు తీసుకొని, వాటి రెండువైపులా తమ సరుకుబొమ్మలు ఆర్భాటంగా వేయించేవి. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులతో నడిచే గోడప్రకటనలన్నమాట. పిల్లలు వాటిని చూడడానికి పట్టాలవద్దకు పరుగెత్తేవారు. వచ్చిన చిక్కు ఏమిటంటే, పెట్టె ఒకచోట ఖాళీ అయినప్పుడు రైల్వేవారు దానిలో మరొకరి సరుకు నింపి పంపేవారు. ఒక జున్ను వర్తకుని సరుకు అతని పోటీదారు పేరున్న పెట్టెలో ఊరూరా ఊరేగేది! తన డబ్బుతో ఎదుటివానికి ప్రచారం. పైగా ఈ అద్దె ఏర్పాట్ల ముసుగులో పెద్దకంపెనీలకు చాటుగా రాయితీలు ముట్టుతున్నవని కూడా తేలింది. ఆ దేశపు వాణిజ్య కమిషనువారు 1934లో విచారించి, అద్దెపెట్టెలమీద సరుకుదారు ప్రకటనలు ఉండరాదని తీర్పు చెప్పినారు. 1937నుండి ఆ బొమ్మలు పట్టాలమీదినుండి మాయమైనవి.

అయితే రైల్వేకంపెనీలు తమ సొంతబండ్లమీద బొమ్మలు వేసుకోవడం మానలేదు. గ్రేట్ నార్తర్ను రైల్వేవారి గుర్తు కొండమేక. వారి బండ్లన్నిటిమీదా అది నిలిచి ఉండేది. మాకు అన్నిటికంటె నచ్చినది ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని బాంగర్ అండ్ అరూస్టుక్ అనే చిన్నరైల్వే చేసిన పని. వారు 1950 తర్వాత తమ పెట్టెలకు ఎరుపు, తెలుపు, నీలం పట్టీలు వేసి, వాటిమీద "మెయిన్ రాష్ట్రపు ఉత్పత్తులు" అని వ్రాయించినారు. ఆ రాష్ట్రంనుండి పోయే సరుకులో బంగాళాదుంపలు ముఖ్యం. ఏ కామందు పేరూ లేదు, ఏ వర్తకుని పేరూ లేదు, ఊరిపేరు మాత్రమే. ఆ పెట్టెలో ఎవరి దుంపలు నింపినా ఎవరికీ నష్టం లేదు.

మన దేశంలో సరుకుబండ్లమీద వర్తకుల బొమ్మలకు పెద్ద ఆచారం లేదు. ప్రయాణీకుల రైళ్లకు మాత్రం వచ్చింది. 2017 జనవరిలో రైల్వేవారు టిక్కెట్టేతర ఆదాయంకోసం బండ్లకు వెలుపల ప్రకటనల పొరలు చుట్టుకొనే విధానాన్ని ప్రకటించినారు. 2021లో వచ్చిన భారత్ గౌరవ్ విధానంలో బండి నడిపేవారు లోపలా బయటా తమ గుర్తులు వేసుకోవచ్చును. ఆ పథకం క్రింద మొదటి బండి 2022 జూన్ 14న బయలుదేరినది మన కోయంబత్తూరునుండే, షిరిడీకి. సరుకు విషయంలో బొమ్మల రైలు చూడవలెనంటే కొంకణ్ రైల్వేకు పోవలెను. అక్కడ 1999నుండి నిండులారీలనే చదునుబండ్లమీద ఎక్కించి తీసుకొనిపోతున్నారు. ఆవూదూడా, తామరపువ్వు, నెమలి, దిష్టిబొమ్మ, "హారన్ కొట్టుము" అన్న వ్రాత, అన్నీ రైలెక్కి కొండలు దాటుతవి. నామక్కల్, శంకగిరి లారీలకు రంగులువేసే మన చుట్టుప్రక్కల చిత్రకారులు దానిని చూస్తే ఎంత సంతోషిస్తారో!

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాము. నలభై అడుగుల పెట్టె ఒకవైపు గోడ సుమారు 340 చదరపు అడుగులు, అంటే ఆరుగజాల చీరలు అయిదు విప్పి పరచినంత. ఆ గోడ చదునైనది కాదు, రేకు మడతలు మడతలుగా ఉంటుంది. అక్షరం ఎత్తుపల్లాలమీద విరుగుతుంది. అన్నిటికంటె ముఖ్యం, ఆ పెట్టె మనది కాదు. ఓడకంపెనీదో, కాన్‌కార్‌దో. వారి అనుమతి లేకుండా దానిమీద గీత గీయరాదు. అనుమతిచ్చినా తిరుగుప్రయాణంలో అందులో మరమగ్గాల బట్టే రావచ్చును, జున్నువర్తకుని కథ మనకూ పట్టవచ్చును. బొమ్మ అచ్చువేసిన గుడ్డను కట్టి తర్వాత విప్పుకొందామంటే అదీ కుదరదు. పట్టాలపైన 25,000 వోల్టుల తీగ ఉన్నది. గాలికి లేచే గుడ్డ ప్రాణాపాయం. మరొకటి కూడా చెప్పవలెను. లోపల పట్టున్నదని బయట చాటితే ముందుగా చదివేవాడు దొంగ. విలువైన సరుకు పంపేవారు సాదాపెట్టెనే కోరడానికి కారణమిదే.

ఇంతకూ గేటువద్ద నిలిచినవారిలో మన చీర కొనేవారెందరు? కొనేవారు చూచేది అంగడిలో మడత విప్పినప్పుడు. పోరాటం అక్కడ. మన సంఘంలోని ఒక సొసైటీకి జరిగినది చెబుతాము. సరుకు తీసుకొన్న వర్తకుడొకడు పెట్టెలు విప్పించి, అంచుదగ్గర కుట్టిన లేబుళ్లు కత్తిరింపించి, తన లేబుళ్లు కుట్టించుకొన్నాడు. చీర అమ్ముడైంది, డబ్బూ ముట్టింది. తర్వాతి యేడు అతడు అదే పేరుతో మరమగ్గం చీరలు తక్కువధరకు అమ్మి, మనకు ఆర్డరు ఇవ్వడం మానినాడు. అడగడానికి మన చేతిలో ఆధారమేమున్నది? పేరు అతనిది. బయటి పెట్టెమీద ఎంతపెద్ద మగ్గంబొమ్మ ఉన్నా ఈ కత్తెరను ఆపి ఉండేది కాదు.

కనుక మా అభిప్రాయమిది. ఇనుపపెట్టెను వదలి, మొదట అట్టపెట్టెను, దానికంటె ముందు బట్టనే పట్టుకోవలెను. కుట్టిన లేబులు కత్తెరకు లొంగుతుంది. కొంగుచివర అంచులో నేసిన గుర్తు లొంగదు. జకార్డు ఉన్నవారికి ఇది పెద్దపని కాదు. డాబీమీదనైనా చిన్న గీతలగుర్తు రాబట్టవచ్చును. చేనేత గుర్తు 2006నుండి ఉన్నది. ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండు 2015 ఆగస్టు 7న మద్రాసులో, మొదటి జాతీయ చేనేత దినంనాడు ప్రారంభమైంది. 1935లో పుట్టిన కో ఆప్టెక్సువారు కొన్ని చీరలతోబాటు నేసినవారి పేరూ ఫోటో గల చీటీని జతపరచినారు. సీతాకోకచిలుక గుర్తుకంటె ఆ చీటీయే గొప్పదని మా తలంపు. నేతగాని ముఖం చూచి కొన్న ఆడపడుచు దానిని మరువదు.

ఊరిపేరు విషయంలో మెయిన్ రాష్ట్రంవారి దారి మనకు చట్టప్రకారమే దొరికింది. మన పొరుగున సౌరాష్ట్రులు ముడివేసి రంగులద్దే మధుర సుంగుడికి 2005లో భౌగోళికగుర్తింపు వచ్చింది. పట్టునూలూ ప్రత్తినూలూ కలిపి నేసే కోవై కోరా చీరకు 2014–15లో వచ్చింది. కాని ఊరికి గుర్తింపు వచ్చినంతమాత్రాన ప్రతి మగ్గానికీ వచ్చినట్లు కాదు. ఎవరికివారు, లేదా సొసైటీ తరపున, అధికృత వాడుకదారుగా చెన్నైలోని రిజిస్ట్రీలో నమోదు కావలెను. ఆ నమోదున్నవారే ఆ గుర్తును పెట్టెమీదగాని బట్టమీదగాని వేసుకోవచ్చును, నకిలీ చేసినవానిపై దావా వేయవచ్చును. రిజిస్ట్రేషను పదేండ్లకు ఒకసారి పునరుద్ధరించవలెను. దేవాంగపేటలోను, శిరుముగైలోను, ఇతర నేతవీధులలోను ఎన్ని మగ్గాలవారు ఈ నమోదు చేసుకొన్నారో కార్యదర్శులు ఈ నెలలోనే విచారించవలెను.

అట్టపెట్టెలకు మాత్రం బొమ్మ తప్పక వేయిద్దాము. నాలుగువైపులా వేస్తేనే మేలు, పేర్చినప్పుడు ఏవైపు బయటికి వస్తుందో తెలియదు గనుక. ఒకటే రంగు, ముదురునీలంగాని మెరూనుగాని చాలును. ఊరిపేరు పెద్దదిగా, సొసైటీపేరు దానిక్రింద, పొడవు, వెడల్పు, నూలునెంబరు, చేనేత గుర్తు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ ఉండవలెను. పంపేవారి రైలుమార్కా వ్రాయడానికి జానెడు చోటు ఖాళీగా విడిచిపెట్టవలెను. ఆ జాగా మరచి పెట్టె అంతా పూలతో నింపే చిత్రకారునికి ముందే చెప్పుకొనవలెను.

మరొక మనవి. ఇంటిలో పాతపెట్టె అడుగున తాతల కాలపు లేబుళ్లు, తానుటిక్కెట్లు, సొసైటీ ముద్రదిమ్మెలు, రైలురశీదులు దొరికితే పారవేయవద్దు. వ్యాపారగుర్తుల చట్టంలో రిజిస్టరు చేసినవానికంటె ముందునుండి వాడుతున్నవానికి రక్షణ ఉన్నది, కాని వాడుతున్నట్లు రుజువు చూపవలెను. తేదీతో కూడిన రశీదుమీద మన మార్కా ఉంటే అదే సాక్ష్యం. వాటిని సంఘం కార్యాలయానికి తెచ్చి నకలు తీయించుకొని, అసలు తిరిగి తీసుకొనిపోవలసినది. చెదలు పట్టినవైనా సరే, తేదీ కనబడితే చాలును.