రవిక, కంచెల, కుప్పసము: వెనుకటి స్త్రీవస్త్రముల పునర్నిర్మాణవిచారము

వెనుకటి కాలపు వస్త్రములను మరల కత్తిరించి కుట్టి చూచుట యొక వేడుకగా పాశ్చాత్యదేశములందు వర్ధిల్లుచున్నది. క్రీ. శ. 19వ శతాబ్ది మధ్యభాగపు స్త్రీవేషమునం దట్టివారికి విశేషాదరము కలదు. తెలుగునాట నీ పనికి బూనుకొనువారికి మొదటనే యొక చిక్కు తోచును. ఐరోపాయందలి స్త్రీవేషము ప్రధానముగా సూదిపని; ఇచటిది ప్రధానముగా మగ్గపుపని. మగ్గము దిగిన చీరకు కత్తెరతో గాని సూదితో గాని నిమిత్తము లేదు. కావున కుట్టువారికి చిక్కు ముఖ్యవస్తువు రవిక. అది యెట్టిది, దాని నెల్లరును దాల్చిరా యను విషయము ఖమ్మము భద్రాచలముల యడవిసరిహద్దును నిదర్శనముగా గొని యిందు విచారింపబడుచున్నది.

మొదట శబ్దవిచారము. సంస్కృతమున కూర్పాసకము, చోలము అనునవి పర్యాయపదములుగా నమరకోశమున బఠింపబడినవి. కూర్పాసశబ్దమునందలి ‘ర్ప’ ప్రాకృతమున ‘ప్ప’ యై, దానికి ముందున్న దీర్ఘము హ్రస్వమై, తెలుగున కుప్పసము సిద్ధించినది. కంచులికాశబ్దము కంచెల యైనది. రవిక యన్ననో కన్నడమున రవికె యనియు, తమిళమున రవిక్కై యనియు వ్యవహారమున నున్నది. జాకెట్టు ఆంగ్లమునుండి వచ్చినది. ఈ శబ్దములన్నియు నొక్క యర్థమునే తెలుపుచున్నట్లు కనబడుటచేత వస్తువు గూడ నొక్కటియే యని భ్రమించువారు కలరు. శబ్దము నిలిచియుండగా వస్తువు మాఱుట లోకమున సహజము. ‘చీర’ శబ్దమే యిందుకు సాక్షి. పూర్వకవులు దానిని వస్త్రసామాన్యమునకు వాడిరి. నేడది స్త్రీలు కట్టు వస్త్రమునందే రూఢము. ఈ భేద మెఱుగక కావ్యములను బట్టి కత్తెర పట్టువాడు తప్పక పొరబడును.

కాలనిర్ణయమునకు నిఘంటువులు కొంత తోడ్పడును. బ్రౌనుదొర తెలుగు-ఆంగ్లనిఘంటువు 1852లో వెలువడినది. అందు వ్యవహారపదములకును జోటు గలదు. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885 నాటిది. అది కావ్యప్రయోగములను ప్రధానముగా జేకొన్నది. కాబట్టి 1850 ప్రాంతమున వాడుకలో నున్న పేరునకు బ్రౌనునిఘంటువును, కావ్యములందలి పేరునకు శబ్దరత్నాకరమును జూడవలయును. వస్త్రస్వరూపమునకు 1866 నాటి ఫోర్బ్సు వాట్సను సంపుటములు మిక్కిలి యుపకరించును. హిందూదేశపు నేతబట్టల నమూనాలు 700 పదునెనిమిది సంపుటములలో నతికింపబడియుండుటచేత నూలు సన్నదనము, అంచు, రంగు కంటికి గానవచ్చును.

ఇక వస్తువిచారము. నాటి మగ్గమున నాడెను చేతితో విసరుటచే, ఒక్క నేతగాడు నేయు గుడ్డ పన్నా వాని చేతుల చాపునకు లోబడియుండెను. త్రాటితో లాగెడి నాడె 1733లోనే ఇంగ్లండున బుట్టినను, మన మగ్గములపై 20వ శతాబ్దారంభముననే విరివిగా వ్యాపించినది. రంగులకు నీలి, చిరివేరు, మంజిష్ఠ మున్నగునవి మూలములు. పెర్కిను కృత్రిమవర్ణమును గనుగొన్నది 1856లో. కృత్రిమమైన నీలి విక్రయమునకు వచ్చినది 1897లో. కావున 1850 నాటి రవికకు నేటి రసాయనపు నీలిగుడ్డ చెల్లదు. హోవె కుట్టుయంత్రమునకు 1846లోను, సింగరు యంత్రమునకు 1851లోను అమెరికాలో హక్కుపత్రములు లభించినవి. అవి మన పల్లెలకు జేరుట తరువాతి మాట. కనుక నాటి రవికలోని ప్రతికుట్టును చేతికుట్టే. సంస్కృతమున సౌచికుడు, తున్నవాయుడు అని పిలువబడిన వృత్తివానిని తెలుగువారు చిప్పెవాడనిరి; తెలంగాణమున మేరవారు తరతరములుగా నీ వృత్తియందున్నారు.

ప్రాతరవికకు గుండీలు గాని కొక్కెములు గాని లేవు. ముందరి రెండంచులను ఱొమ్ముక్రింద ముడివైచుకొనుటయే పద్ధతి. ముడిరవిక యను పేరందుండియే కలిగినది. నేటి జాకెట్టున ఱొమ్మువంపునకై గుడ్డను మడిచి లోపల కుట్టుదురు. ప్రాతదానియం దా పనిని చంకముక్కయు, ప్రక్కముక్కలును, ముడియు జేయును. చేయెత్తినపుడు గుడ్డ చినుగకుండ చంకముక్క కాపాడును. ముక్కలన్నియు నించుమించు చతురస్రములగుటచే గుడ్డ వృథ కాదు. అంచుగల గుడ్డయైనచో నంచు చేతులచివరకును క్రిందివైపునకును వచ్చునట్లు కత్తిరింతురు. ఒడిబియ్యమునందును, నోములవాయనములందును రవికగుడ్డను కుట్టకయే యిచ్చు నాచారము నేటికిని గలదు. గుడ్డ యెవరి కొలతకు వారు కుట్టించుకొనవలసిన దనుట యందు స్పష్టము.

ఇపుడు దేశవిచారము. ఖమ్మము, భద్రాచలము రెండును నైజాముప్రభుత్వమున నుండగా, 1860లో భద్రాచలప్రాంతము ఆంగ్లేయుల కీయబడినది. అది 1874 వఱకు మధ్యపరగణాలయందుండి, పిదప మదరాసురాజధానిలోని గోదావరిజిల్లాయందు జేరినది. సరిహద్దుకు రెండువైపుల వ్రాతలు వేర్వేఱు కచ్చేరులకు బోవుటచే పరిశోధకునికి వెదకులాట తప్పదు.

ఈ సీమలో కుట్టుపనికి మేలైన నిదర్శనము లంబాడీస్త్రీల వేషము. ఎద్దులపై ఉప్పును ధాన్యమును మోయించుచు దేశమెల్ల దిరిగిన యీ జాతి స్త్రీలు ఫేటియా యను కుచ్చుల పావడను, వీపు తెఱపియై నాడాలతో బిగియు కాంచళిని, టుక్రీ యను మేలిముసుగును దాల్తురు. అద్దములు, గవ్వలు, పూసలు కూర్చి వారే స్వయముగా కుట్టుదురు. కాంచళి, కంచెల యను రెండును నొక్క కుదురునుండి వచ్చిన పదములు. వస్తువులు మాత్రము వేఱు. కావ్యములందలి కంచెలకు గాంచళిని మాతృకగా గొనుట గాని, కాంచళికి రవిక కత్తిరింపును వర్తింపజేయుట గాని తగదు.

అడవిలోపలి కోయలు, కొండరెడ్లు వేఱు. దుమ్ముగూడెమున నుండిన జాను కెయిను దొర వ్యాసములు 1876 మొదలు ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో వెలువడినవి. హైమెండార్ఫు పండితుడు 1941లో కొండరెడ్ల నడుమ నుండి, వారినిగూర్చిన గ్రంథమును 1945లో బ్రకటించెను. ఇవి విలువగల సాక్ష్యములు. అయినను 1941 నాటి చిత్రమును తొంబదియేండ్లు వెనుకకు నెట్టి 1850 నాటిదనుటకు వ్యాప్తి లేదు. వ్యాప్తి లేని యనుమానము నిలువదు.

ఇచట నొక ముఖ్యాంశము గలదు. రవిక యందఱిదియు గాదు. తెలుగునాట శ్రమజీవులైన పలువురు స్త్రీలు 20వ శతాబ్దిలోను పైటచెఱగుతోనే మేను గప్పుకొనిరి. తిరువాన్కూరున నాడారుస్త్రీలు మేలివస్త్రము ధరించు హక్కునకై పోరాడగా 1859లో రాజశాసనము వెలువడినది. వస్త్రమునకును అంతస్తునకును గల సంబంధ మందువలన దెలియును. వెనుకటి స్త్రీల నెల్లర నొక్కతీరు పట్టుచీరలతో, బిగుతైన జాకెట్లతో జూపు వేడుక యా స్త్రీలలో బెక్కండ్రను చరిత్రనుండి తుడిచివేయును. కుట్టులేని వస్త్రమును మోటుదనమునకు గుర్తుగా జూపుటయు నట్టి దోషమే. చీర కుట్టు లేనిదే కదా!

తాళపత్రమున నక్షరములు శిథిలమైనచోట పరిష్కర్త గ్రంథపాతమని గుర్తువెట్టును. తాను పూరించినయెడల కుండలీకరణమున జూపును. వస్త్రమునకును నదియే మర్యాద. సాక్ష్యము గల కుట్టును గుడ్డరంగు దారముతోను, ఊహించిన కుట్టును లోపలివైపున వేఱురంగు దారముతోను వేసినచో నేది లక్ష్యమో యేది కల్పనమో చూచువారికి దెలియును. అట్లు కుట్టిన ముడిరవిక యొక్కటి పాఠశాలయందున్నచో విద్యార్థులకు కుప్పసశబ్దార్థము చెప్పుట సులభము. అర్థముతోపాటు సంశయమును జూపుటయు సులభమగును.