నిర్వహణ సమాచార వ్యవస్థలు: వాణిజ్య విద్యలో వాటి స్థానం

ఉపోద్ఘాతం

నిర్వహణ సమాచార వ్యవస్థలు (ఎం.ఐ.ఎస్.) అనే అంశం ఎం.బి.ఏ. విద్యార్థులకు సుపరిచితం. అయితే చాలా తరగతి గదులలో ఇది కంప్యూటర్ భాగాల పరిచయంగానో, సాఫ్ట్‌వేర్ల జాబితాగానో మిగిలిపోతున్నది. కంప్యూటర్ సైన్సు ఉండగా ఈ అధ్యయనం వాణిజ్య విభాగంలో ఎందుకు ఉండాలన్న ప్రశ్నకు విద్యార్థికి సమాధానం దొరకడం లేదు. ఆ సమాధానాన్ని ఈ శాస్త్ర చరిత్రలోనే వెదకవలసి ఉన్నది.

ఆవిర్భావం

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో గోర్డన్ డేవిస్ చొరవతో 1968లో ఎం.ఐ.ఎస్. పరిశోధన కేంద్రం ఏర్పడింది. డేవిస్ అకౌంటింగ్ రంగం నుంచి వచ్చినవాడు కావడం గమనార్హం. ఆయన రచించిన పాఠ్యగ్రంథం 1974లో వెలువడింది. 1977లో 'ఎం.ఐ.ఎస్. క్వార్టర్లీ' పత్రిక ప్రారంభమైంది. ఈ విధంగా యంత్రాన్ని గూర్చిన ఆసక్తి కంటె, సంస్థలో నిర్ణయాలు జరిగే తీరును గూర్చిన జిజ్ఞాస నుండి ఈ శాస్త్రం రూపొందింది.

సిద్ధాంత పునాదులు

1965లో రాబర్ట్ ఆంథొనీ నిర్వహణ కార్యాలను మూడు స్థాయిలుగా విభజించాడు. అవి వ్యూహాత్మక ప్రణాళిక, నిర్వహణ నియంత్రణ, దైనందిన కార్య నియంత్రణ. అంతకు ముందే హెర్బర్ట్ సైమన్ నిర్ణయాలను ముందుగా నియమాలు ఏర్పరచగలిగినవి, ఏర్పరచలేనివి అని వర్గీకరించాడు. ఈ రెండింటినీ సమన్వయించి 1971లో గోరీ, స్కాట్ మోర్టన్ ఒక చట్రాన్ని ప్రతిపాదించారు.

ఒక బస్సు డిపోను ఉదాహరణగా తీసుకొంటే ఈ చట్రం సుబోధకమవుతుంది. కండక్టరు చేతిలోని టికెట్ యంత్రం ప్రతి టికెట్టునూ నమోదు చేస్తుంది. ఇది దత్తాంశం. సాయంత్రం యంత్రంలోని లెక్కకూ, జమ అయిన సొమ్ముకూ పొంతన చూడడం దైనందిన కార్యం. దీనిని నియమబద్ధం చేయవచ్చు. ఏ మార్గంలో ఆదాయం తగ్గుతున్నదో నెలవారీ నివేదిక ద్వారా గ్రహించి బస్సు వేళలను సవరించడం నిర్వహణ నియంత్రణ. నష్టం వస్తున్నా ఒక పల్లెకు బస్సు నడపవలెనా అన్నది వ్యూహాత్మక నిర్ణయం. దీనికి టికెట్ల లెక్క అవసరమే కాని చాలదు. ఆ బస్సు లేకపోతే చదువు మానే పిల్లలు యంత్రపు లెక్కలో కనిపించరు.

ఒకే దత్తాంశం మూడు స్థాయిలలో మూడు వేర్వేరు అర్థాలను సంతరించుకొంటున్నది. ఈ భేదాన్ని గుర్తించడమే ఈ శాస్త్రాధ్యయనంలో తొలి మెట్టు.

విమర్శ – దాని ప్రయోజనం

ఈ శాస్త్రం శైశవంలోనే తీవ్ర విమర్శను ఎదుర్కొన్నది. రసెల్ ఎకాఫ్ 1967లో ప్రచురించిన వ్యాసంలో ఇటువంటి వ్యవస్థల నిర్మాతలు నమ్ముతున్న అయిదు భావనలను ప్రశ్నించాడు. నిర్వాహకుల ప్రధాన సమస్య అవసరమైన సమాచారం లేకపోవడం కంటె, అనవసర సమాచారం వెల్లువెత్తడమే అని ఆయన వాదన. నిర్వాహకుడు కోరే సమాచారమంతా అతనికి అవసరమైనదే అన్న భావననూ ఆయన అంగీకరించలేదు.

వాటిలో అయిదవ భావన వాణిజ్య విద్యకు మరింత ముఖ్యం. నిర్వాహకునికి వ్యవస్థను వాడడం తెలిస్తే చాలు, అది పనిచేసే తీరు తెలియనక్కరలేదు అన్నది ఆ భావన. దానిని ఎకాఫ్ తోసిపుచ్చాడు. పనితీరు ఎరుగని నిర్వాహకుడు వ్యవస్థను మూల్యాంకనం చేయలేడు. దానిని అదుపు చేయడానికి బదులు దాని అదుపులోకి పోతాడు. ఎం.ఐ.ఎస్.ను వాణిజ్య పట్టాలో భాగంగా బోధించడానికి ఇంతకంటె బలమైన హేతువు లేదు.

బోధనకు సంబంధించిన అంశాలు

దీనిని బట్టి పాఠ్యక్రమంలో డేటాబేస్, వ్యవస్థా విశ్లేషణ వంటి సాంకేతికాంశాలను తప్పక బోధించవలెను. అవి అకౌంటింగ్, ఉత్పత్తి, మార్కెటింగ్ సమస్యలతో ముడిపడి ఉండవలెను. ఒక నివేదికను చూపి "ఇది ఎవరి నిర్ణయానికి, ఏ స్థాయిలో ఉపకరిస్తుంది? ఇందులో లోపించినది ఏమి?" అని అడిగే పరీక్షాప్రశ్న, నిర్వచనాలు అడిగే ప్రశ్న కంటె విద్యార్థి అవగాహనను మెరుగుగా తూచగలదు.

ముగింపు

యంత్రాన్ని నిర్మించే విద్య కంప్యూటర్ సైన్సుది. ఆ యంత్రం ఇచ్చే సమాచారం ఏ నిర్ణయానికి పనికివస్తుందో, ఎక్కడ పనికిరాదో తేల్చే విద్య ఎం.ఐ.ఎస్.ది. యంత్రాలే సలహాలిచ్చే ఈ కాలంలో ఎకాఫ్ హెచ్చరిక మరింత ప్రాసంగికం. ఆ వివేచన అలవడని విద్యార్థికి పట్టా లభించినా, శాస్త్రం లభించినట్లు కాదు.